మూడు గంటల వంతు

మా చర్చి పరిధిని విచారణ అంటాం; ఆ విచారణ నెలపత్రికకు కుట్టు టీచరమ్మ గురించి ఒక పేజీ రాసిమ్మని ఫాదర్ అడిగితే రాసిచ్చాను. ఆమె ఫోటోతో సహా వేశారు. చదివినవాళ్ళు బాగుందన్నారు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ నిజం ఒకటి తక్కువ. దాన్ని రాయకపోతే ఊపిరాడేటట్టు లేదని ఇప్పుడు మళ్ళీ కలం పట్టుకున్నాను. పదో తరగతి దాకా చదివినదాన్ని. తప్పులుంటే మన్నించండి.

ఆమె పోయిందన్న కబురు మే నెల మొదటి శుక్రవారం సాయంత్రం ఆరింటికి వచ్చింది. మిద్దె మీద ఆరిన బట్టలు తీస్తుంటే కింద ఫోన్ మోగింది. కాన్వెంటు సిస్టర్ గారు. "టీచరమ్మ చనిపోయిందమ్మా. కడపకు తీసకపోతాంటే దారిలోనే..." అని ఆగిపోయారు.

"ఏ టీచరమ్మ?" అన్నాను.

ఎర్రగుంట్లలో మా అందరికీ ఉన్నది ఒక్క టీచరమ్మే. అది తెలిసే మళ్ళీ అడిగాను, "ఏ టీచరమ్మ సిస్టర్?" అని. ఫోన్ పెట్టేసి గోడ గడియారం వైపు చూశాను. ఆ మధ్యాహ్నం మూడింటికి నేను గుడిలో ఉండాలి. పోలేదు.

మా గుడి చిన్నది, రేకుల కప్పు. ఎంత తుడిచినా కిటికీ రెక్కల మీద ఫ్యాక్టరీల సిమెంటు దుమ్ము ఉండనే ఉంటుంది. మొదటి శుక్రవారాల్లో పొద్దున పూజ అయ్యాక దివ్యసత్ప్రసాదాన్ని, అంటే ప్రభువే ఉన్నాడని మేం నమ్మే అప్పాన్ని, పీఠం మీద స్థాపించి, సాయంత్రం దాకా ఆరాధన పెడతారు. ప్రభువును ఒంటరిగా వదలకూడదు. అందుకని గంటకొకరం వంతులు వేసుకుంటాం. తర్వాతివాళ్ళు వచ్చి మోకరించేదాకా ముందువాళ్ళు లేవకూడదు. రెండు నుంచి మూడు టీచరమ్మది. మా ఎండలకు ఆ గంట ఎవరూ కోరుకోరు కాబట్టి ఆమె తీసుకుంది. మూడు నుంచి నాలుగు నాది.

పదేళ్ళలో నేను సరిగ్గా మూడింటికి పోయిన రోజులు తక్కువ. పదో, ఇరవయ్యో నిమిషాలు ఎప్పుడూ ఆలస్యమే. ఆమె ఒక్కసారి కూడా కోప్పడలేదు. "మీ ఇంట్లో మూడు కొట్టేతలికి ప్రభువుకు మూడున్నర అయితాది పాపా," అని నవ్వి, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచేది.

పెళ్ళయి ఈ ఊరికి వచ్చిన కొత్తలో కుట్టు నేర్పింది ఆమే. జాకెట్టు చెయ్యి మూడుసార్లు తప్పు పడితే నేను గుడ్డను విసిరికొట్టాను. ఆమె దాన్ని తీసి నా ఒళ్ళో పెట్టి, "కుట్టు ఊడిందని గుడ్డను తిడతారా మే? సూదిలో దారం ఎక్కియ్యి," అంది. తర్వాత చాలా ఏళ్ళకు మా అమ్మ మంచాన పడింది. ఎన్ని జపమాలలు చెప్పినా దక్కలేదు. నేను ప్రార్థన మానేశాను. ఆమె ఇంటికొచ్చి, పక్కన కూర్చుని, నీతులేమీ చెప్పలేదు. "విసుగు ఆయనకు రాదు పాపా, మనకే వస్తాది. వచ్చిందని ఆయనకే చెప్పు," అంది. అంతే. నేను మళ్ళీ గుడికి పోయాను. అది ఆమె నాకు చేసిన మేలు. నేను ఆమెకు చేసింది తర్వాత రాస్తాను.

ఆమె భర్తను నేను అన్నా అని పిలుస్తాను. సిమెంటు ఫ్యాక్టరీలో లారీలు తూచే కాటా దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. డ్రైవర్లతో అరిచీ అరిచీ గొంతు పెద్దదయిపోయింది. పెళ్ళి కోసం జ్ఞానస్నానం తీసుకుని, పెళ్ళి రోజు గుడిలోకి వచ్చినవాడు మళ్ళీ గడప తొక్కలేదు. ఆమెను మాత్రం మోపెడ్ మీద గేటు దాకా తెచ్చి, పూజ అయ్యేదాకా ఎదురుగా టీ అంగట్లో కూర్చునేవాడు. ప్రతి ఆదివారం ఆమె దిగి, చీర సర్దుకుని అడిగేది.

"వస్తావా?"

"వచ్చే వారం సూద్దాంలే."

"పోయిన వారం గూడా అదే అంటివే!"

"పోయిన వారం అన్నది ఈ వారానికి. ఈ వారం అన్నది వచ్చే వారానికి. మాట తప్పితినా ఏమన్నా?"

గేటు దగ్గరున్న వాళ్ళం నవ్వేవాళ్ళం. ఆమే ముందు నవ్వేది. ముప్పై ఏళ్ళు ఇదే మాట. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, "ఎన్నేళ్ళు అడుగుతావు టీచరమ్మా? నోరు నొప్పి పుట్టదా?" అని.

"నేను అడగతాండేది ఈయప్పను గాదు పాపా, లోపలుండే ఆయప్పను. ఈయప్పకు వినపడనీలే అని కొంచెం గట్టిగా అడగతాండా, అంతే."

ఇక ఆ శుక్రవారం సంగతి. గుడి దగ్గర పగలు పన్నెండు నుంచి కరెంటు లేదట. మా వీధిలో ఉంది. కూలర్ ముందు పడుకున్నాను. నిద్రపోయి వంతు మరిచిపోయానని ఎవరికైనా చెప్పొచ్చు, కానీ అది నిజం కాదు. మూడుకు పావుగంట ముందు మెలకువ వచ్చింది. గడియారం చూశాను. బయట ఎండ చూశాను. 'టీచరమ్మ ఎట్లాగూ ఉంటుంది కదా' అనుకుని అటు తిరిగి పడుకున్నాను. మళ్ళీ లేచేసరికి నాలుగున్నర. ఫాదర్ ఆ పూట పక్క ఊరికి పోయారు. నాలుగు దాటాక తర్వాతి వంతుకు మరియదళం అనే మా భక్త సంఘం ఆడవాళ్ళు వచ్చేదాకా ఆమె ఆ రేకుల కింద అట్లాగే ఉంది. ఇంటికి పోయి, తల తిరుగుతోందని గోడకు ఆనుకుని, జారిపోయిందట. డాక్టర్లు వడదెబ్బ కావచ్చన్నారు, గుండె కావచ్చన్నారు.

సమాధి రోజు అందరిదీ ఒకటే మాట. "ప్రభువు ముందర కూచ్చోని, నేరుగా ప్రభువు కాడికే పాయె. ఎంత పుణ్యం!" అన్న ప్రతిసారీ నేను తల వంచుకున్నాను. మేమిద్దరం వంతులు మార్చుకున్నామని మరియదళం వాళ్ళు అనుకున్నారు. నన్నెవరూ అడగలేదు. చేసిన పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో ఫాదర్‌కు చెప్పాను. ఆయన క్షమాపణ ప్రార్థన చదివి, "చెప్పవలసిన ఇంట్లో చెప్పావామ్మా?" అన్నారు.

రెండు వారాలు ధైర్యం చాలలేదు. చివరికి నేను వాళ్ళింటికి వెళ్ళింది వాళ్ళ వీధికి నీళ్ళొచ్చే రోజు. అన్న పైపుతో బిందెలు పడుతున్నాడు.

"అన్నా, ఆ పొద్దు మూడింటికి నా వంతు. నేను రాలేదు. ఒంట్లో బాగలేక కాదు. మెలకువొచ్చి గూడా పండుకుంటి."

బిందె నిండి నీళ్ళు నేలమీదికి పోతున్నాయి. మా ఊళ్ళో ఒక్క చెంబు నీళ్ళు పారబోసే మనిషి లేడు. ఆయన అటు చూడనే లేదు.

"తెల్సు," అన్నాడు చివరికి. "మూడింటికి గేటు కాడ బండి పెట్టుకోని నిలబడితి. మూడున్నరాయె. నువ్వు వచ్చింది ల్యా, ఆమె బయటికొచ్చింది ల్యా. ఇంగ నేనే లోపలికి పోతి."

లోపలికి అన్న మాట నాకు ఒక క్షణం ఎక్కలేదు. ఎక్కాక అక్కడే మెట్టు మీద కూర్చున్నాను.

"ఒళ్ళంతా చెమట్లు ఆమెకు. ఇంటికి పోదాం పా అంటి. 'ఎట్లొస్తా, ఆయప్ప ఒక్కడే అయిపోతాడు' అనె. 'నువ్వు రోంతసేపు ఈడ కూచ్చో, కుళాయి కాడ మొగం కడుక్కోని నీళ్ళు తాగొస్తా' అని నన్ను కూచ్చోబెట్టి పాయె. ఐదు నిమిషాలమ్మా. నేనూ ఆయప్పా, ఇద్దరమే. ఏం మాట్లాడాలో తెలీక బయట పోయే లారీల సప్పుడు వింటా కూచ్చుంటి. ఆమె తిరిగొచ్చి నా మొగం సూసి నవ్వె. పక్కన కూచ్చునె. గేటు కాడ ఆ ఆడోళ్ళ అలికిడి వినపడేదాకా ఇద్దరం అట్లనే కూచ్చుంటిమి. వాళ్ళ కంట పడకుండా నేను ముందే పక్క వాకిట్లో బయటికొచ్చి బండి తీస్తి."

నేను ఏడుస్తుంటే ఆయన ఊరుకోమనలేదు.

"నీ మింద కోపం ల్యాదని చెప్పను. ఉండాది. నువ్వు వచ్చింటే ఆమె మూడింటికే ఇల్లు చేరుండు. నువ్వు వచ్చింటే నేను లోపలికి పోయేవాణ్ణీ గాదు. రెండూ నెత్తిమిందనే ఉండాయి. రెంటిలో యాది దించాల్నో తెలీడం ల్యా."

అంతా ప్రభువు చిత్తమని నన్ను ఓదార్చుకోవచ్చు. అట్లా అనుకుంటే నా నిద్రకు నేనే పుణ్యం కట్టినట్టవుతుంది. అనుకోను. ముప్పై ఏళ్ళు తలుపు తట్టిన మనిషికి ఆ తలుపు తెరుచుకున్న పూటే ఇట్లా కావడం ఏమిటో నాకు ఈ రోజుకూ అంతుపట్టదు.

జూన్ మొదటి శుక్రవారానికి రెండు గంటల వంతు నేను అడిగి తీసుకున్నాను. చినుకు ఇంకా పడలేదు. ఇరవై నిమిషాలయ్యాక వెనుక మగవాళ్ళ వైపు అడుగుల చప్పుడయింది. తల కొంచెం తిప్పి చూశాను. అన్న. మోకరించలేదు, సిలువ గుర్తు వేసుకోలేదు. నేరుగా పీఠం ఎదుటికి నడిచి వచ్చి, కాటా దగ్గరి గొంతుతోనే మొదలుపెట్టాడు.

"ఏమప్పా! ముప్పై ఏండ్లు ఆమె నిన్ను అడిగింది ఒకటే కదా. ఒగ పూట నన్ను ఆమె పక్కన కూచ్చోనిచ్చి, ఆ పూటే తీసకపోతివే! ఇదేం తూకమప్పా? జవాబు చెప్పు. ఈ పొద్దు చెప్పకుంటే వచ్చే నెల వస్తా. నెలనెలా వస్తా. నాకేం పనుండాది?"

ఆరాధన వేళ గట్టిగా మాట్లాడకూడదు. చెప్పాల్సింది నేనే. ఆయన్ను ఆపలేదు.

ఆ మాటలు ఆయనకూ ప్రభువుకూ మధ్యవి. విన్నది నేనొక్కదాన్ని. అందుకే, మా ఇంట్లో ఈ కాగితాలు ఎవరి చేతికి దొరికినా చింపకుండా దాచండి. ఎవరికీ చూపకండి. నా తప్పు బయటపడుతుందని కాదు, అది చెప్పాల్సిన చోట చెప్పేశాను. ఒక మనిషి చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక ఎడమ చేతిలో పట్టుకుని, కుడి చెయ్యి ముందుకు చాపి, పోయే లారీని ఆపినట్టు పీఠం ఎదుట నిలబడి ఉన్నాడు. ఆయన్ను అట్లాగే నిలబడనివ్వండి.