సాగిన టేపు

ఆమె కుదురుగా కూర్చుని భోంచేయగా చూసినవాళ్ళు తక్కువ. ముప్ఫై ఏళ్ళకు పైగా టైలరింగ్ షాపు వెనక గదిలో, నడుమెత్తు బల్ల ముందు నిలబడి గుడ్డ కత్తిరించిన మనిషి. కూర్చునే పని భర్తది. మిషను ఆయన తొక్కుతాడు, కటింగ్ ఈవిడ చేస్తుంది. అందుకే వీధివీధంతా ఆమెను మాస్టరమ్మ అంటారు. భర్త మాత్రం, ఆమె వినేలాగే, కాలు కాలిన పిల్లి అంటాడు. కత్తిరించడానికి గుడ్డ లేని పూట ఆమె ఆ మూల నుంచి ఈ మూలకి తిరుగుతూనే ఉంటుంది. దారిలో ఇస్త్రీ పెట్టె వైరు ఉంటుంది. దాన్ని దాటడానికి కాలెత్తి వేయడం ఆమెకెంత అలవాటైపోయిందంటే, వైరు తీసేసిన రోజున కూడా అక్కడికి రాగానే కాలెత్తుతుంది.

"కాస్త కూర్చోవోయ్. నా కళ్ళు తిరుగుతున్నాయి."

"నన్ను చూస్తూ కుట్టకండి మరి. కాలరు వంకర పోయేది అందుకే."

మగవాళ్ళ కొలతలు ఆయన తీసుకుంటాడు. అందులో ఆయనకొక కిటుకుంది. నడుముకి టేపు చుట్టగానే ఎంతటివాడైనా పొట్ట లోపలికి పీల్చుకుంటాడు. ఆ కొలతతో కుడితే ఆ ప్యాంటు వేసుకుని భోజనానికి కూర్చోలేడు. అందుకని ఆయన టేపు చుట్టి, ఏమీ ఎరగనట్టు కబుర్లలోకి దిగుతాడు. "ఆ బల్ల దగ్గరున్న మనిషిని చూశారా? మా ఆవిడే. ఒకప్పుడు మారథాన్ పరుగెత్తింది. నలభై రెండు కిలోమీటర్లు." ఎదుటివాడు నోరు తెరుస్తాడు. పొట్ట ముందుకొస్తుంది. ఆయన చప్పున అంగుళాలు చదువుతాడు. ముప్ఫై ఒక్కేళ్ళుగా ఆ మారథాన్ ఆ షాపులో సూదీ దారం లాగే ఒక పనిముట్టు.

ఆ మాట వచ్చినప్పుడల్లా ఆమె కత్తెర ఒక్క క్షణం ఆగేది. ఆయన ఎప్పుడూ గమనించలేదు.

ఒక మధ్యాహ్నం పరుగుల సంఘం కార్యదర్శి వచ్చాడు. ఏటేటా ఆ మారథాన్ జరిపించేది వాళ్ళే. దారిపొడవునా నీళ్ళందించే వాలంటీర్లకు తొంభై జాకెట్లు కావాలన్నాడు. చిన్న, మధ్య, పెద్ద సైజులకు ఛాతీ ఎంతో, చెయ్యి పొడవెంతో అంగుళాల్లో రాసిన కాగితం బల్ల మీద పెట్టాడు. పొట్ట కొలవాల్సిన అవసరం లేకపోయినా భర్త కథ మొదలెట్టాడు.

"మా ఆవిడ పరుగెత్తింది కూడా మీదేనండోయ్. ముప్ఫై ఒక్కేళ్ళ కిందట."

"అలాగా. పూర్తిచేశారా అమ్మా?"

"పూర్తిచేయకపోతే ఇన్నేళ్ళు చెప్పుకుంటానా?" అన్నాడు ఆయనే.

"అయితే మీ పేరు ఉండే ఉంటుంది. పాత జాబితాలన్నీ ఈమధ్యే నెట్లో పెట్టాం. మొదటి ఏడాది నుంచీ ఉన్నాయి. పేరు కొడితే చాలు."

"సాయంత్రం అమ్మాయి రాగానే కొట్టిస్తాను," అన్నాడు భర్త, మొహం చాటంత చేసుకుని.

ఆ జాబితాలో తన పేరు లేదని ఆమెకు తెలుసు.

ముప్ఫై ఒక్కేళ్ళ కిందటి ఆ రోజున, పరుగు మొదలైన ఆరు గంటల తొమ్మిది నిమిషాలకు ఆమె చేరింది. అప్పటికి ముగింపు గేటు లేదు. రెండు కర్రలూ రోడ్డు వార పడుకోబెట్టి ఉన్నాయి. ఒకతను బ్యానరు గుడ్డ చుట్టుకుంటున్నాడు. కుర్చీలు బండెక్కేశాయి. "అయిపోయిందమ్మా," అన్నాడతను, అంగడి కట్టేశాక వచ్చిన బేరాన్ని పంపించినట్టు. కర్రలు పాతిన గుంటలు రెండూ చూసుకుని, వాటి మధ్య నుంచి నడిచి, ఆమె ఇంటికొచ్చేసింది. బడి యూనిఫారాల ఆర్డరుతో మిషను వదల్లేకపోయిన భర్త తలెత్తి, "పూర్తయిందా?" అన్నాడు. "పూర్తయింది," అంది. అది అబద్ధం కాదు. నిజమూ కాదు. మర్నాడు ఆయన ఒక ఖాతాదారుకి గొప్పగా చెబుతుంటే సరిదిద్దుదామనే అనుకుంది. కానీ నోట్లో గుండుసూదులున్నాయి. సూదులు తీసి డబ్బాలో పెట్టేసరికి ఆ మనిషి మెట్లు దిగిపోయాడు. అంతే. ఆ తరవాత కడుపులో పిల్ల, షాపు, అద్దె గది మార్పులు. పరుగూ పోయింది, చెప్పాల్సిన మాటా పోయింది.

"ఏవండీ, ఈసారి నేనూ పరుగెడతాను," అంది ఆమె.

మిషను ఆగింది. "యాభై ఎనిమిదేళ్ళొచ్చాయి నీకు."

"ఆ సంగతి నా కాళ్ళకింకా చెప్పలేదు లెండి."

కార్యదర్శి నవ్వి, "మంచిదమ్మా, ఇంకా ఏడు నెలలుంది. కానీ ఆరు గంటల్లో వచ్చేయాలి. ఆ పైన రోడ్డు తెరిచేస్తారు, గేటు విప్పేస్తాం," అన్నాడు.

"తెలుసు," అంది. ఎలా తెలుసని భర్త అడగలేదు. ఆయన అప్పుడే కొత్త కథ కుట్టుకుంటున్నాడు. ఆ హడావుడిలో పాత జాబితా సంగతి ఆయన మరిచాడు. ఎప్పుడు గుర్తొస్తుందోనని ఆమె మరవలేదు. ఈసారి గేటు ఉండగా చేరాలి. చేరితే, ఆ తరవాత ఆయన ఏ జాబితా చూసుకున్నా తన దగ్గర చూపించడానికి ఒకటుంటుంది. అప్పుడు చెప్పగలదు.

పరుగుకి దారి ఆయనే కొలిచాడు. ఇంటి వెనక కాలవ గట్టు మీద తిన్నటి రోడ్డుంది. ఒక సెలవునాడు పొద్దున్నే సుద్దముక్కా టేపూ పట్టుకుని మోకాళ్ళ మీద దిగాడు. టేపు రెండో కొస కూతురు పట్టుకుంది. ఆ పిల్ల ఆసుపత్రి ల్యాబులో రక్తం తీసే ఉద్యోగం చేస్తుంది.

"నాన్నా, ఫోన్లో నొక్కితే రెండు నిమిషాల్లో చెప్తుంది. నా పరువు తీయకు."

"ఫోను ఎప్పుడైనా ఎవరి నడుమైనా పట్టుకుందా? కొలతంటే చేత్తో పట్టుకోవాలమ్మా."

పది టేపులకొక గుండీ జేబులో వేసుకుంటూ లెక్కపెట్టాడు. అరవై అయిదు గుండీలూ, పైన ఆరు టేపులూ. అది ఒక కిలోమీటరు. ఆ చోట కాలవ కమ్మీకి ఎర్ర దారం గట్టిగా చుట్టి ముడేశాడు. ఆ టేపు పెళ్ళైన కొత్తలో కొన్నది. షాపుకంతటికీ అదొక్కటే. రెండు టేపులుంటే రెండు మాటలవుతాయని వాళ్ళకు పని నేర్పిన పెద్దాయన చెప్పేవాడు. అదే టేపుతో ఒంటిని కొలిచేవాళ్ళు, అదే టేపుతో గుడ్డను కొలిచేవాళ్ళు. ఒక్కరికీ బిగుతూ కాలేదు, వదులూ కాలేదు.

ఏడు నెలలు ఆమె ఆ దారం దాకా వెళ్తూ, వస్తూ గడిపింది. మొదట నడక, ఆ తరవాత నడకా పరుగూ కాని ఒక పోకడ, ఆ తరవాత పరుగు. దారం నుంచి మొదటికి, మొదటి నుంచి దారానికి, చేతి గడియారం చూసుకుంటూ. చివరి నెలకి కిలోమీటరుకి ఎనిమిది నిమిషాల నలభై సెకన్లకు వచ్చింది. అక్కడ ఆగిపోయింది. ఎంత గుంజినా నలభై ముప్ఫై అవలేదు. కటింగ్ కాగితం మీద సుద్దతో లెక్కేస్తే ఆరు గంటల అయిదు నిమిషాలొచ్చింది. తుడిచి మళ్ళీ వేసింది. మళ్ళీ అయిదే.

ఆ అయిదు నిమిషాలు ఆమెను నిలవనీయలేదు. అన్నం కలిపి, తినకుండా లేచి కిటికీ దగ్గరికి వెళ్ళేది. ఒకరి కోటుకి చేతులు రెండూ ఎడమవే కత్తిరించింది. ముప్ఫై ఏళ్ళలో అలాంటి పని చేయలేదు.

"నిన్ను చూస్తుంటే నాకు ఆయాసం వస్తోందమ్మా," అంది కూతురు. "ఎవరు తరుముతున్నారు నిన్ను?"

"మీ నాన్న."

"ఆయన మిషను మీంచి లేస్తేగా."

"అదేనే."

ఆ వారంలోనే ఒక బస్సు కండక్టరు కొత్త ప్యాంటు నడుము చేత్తో పట్టుకుని షాపులోకొచ్చాడు. వేరే ఊళ్ళో వాళ్ళ బావ తీసిచ్చిన కొలతల చీటీ ప్రకారం కుట్టిన ప్యాంటు అది. "టికెట్లు కొట్టనా మాస్టారూ, ప్యాంటు పట్టుకోనా? రెండు చేతులే ఉన్నాయి నాకు."

"చీటీ రాసినవాడి టేపు తప్పు," అన్నాడు భర్త, మిషను మీంచి కదలకుండా. "మా టేపుకి ఇన్నేళ్ళలో మాట రాలేదు." ఆమె ప్యాంటు నడుము ముప్పాతిక అంగుళం లోపలికి పట్టింది. ఆమె బుర్రంతా అయిదు నిమిషాలే.

పరుగు రోజు తెల్లవారింది. జనంతో పాటు ఆమె కదిలింది. ఒకటో కిలోమీటరు బోర్డు దగ్గర గడియారం చూసుకుంది. ఎనిమిది నిమిషాల ఇరవై తొమ్మిది సెకన్లు. ఒళ్ళు తెలియకుండా తొందరపడ్డాను, ఇప్పుడు ఎగిరితే ముప్ఫయ్యో బోర్డు దగ్గర కూలబడతాను అనుకుంది. వేగం తగ్గించింది. రెండో బోర్డుకి ఎనిమిది నలభై. మూడోదానికీ అంతే. ఎవరో లోపల నుంచి కాళ్ళను ముందుకి తోస్తున్నట్టుంది, ఆమె పగ్గం బిగించి లాగుతోంది. అలా ఎనిమిదో బోర్డు దాకా సాగింది.

అక్కడ నీళ్ళ బల్ల ఉంది. వాలంటీర్లు నలుగురు, నలుగురి మీదా ఆమె కత్తిరించిన జాకెట్లు. ఒకమ్మాయి గ్లాసు అందించింది. ఆమె కళ్ళు గ్లాసు మీద నిలవలేదు, చెయ్యి మీద పడ్డాయి. జాకెట్టు చెయ్యి మణికట్టు దాటి కొద్దిగా కిందికి దిగింది. పొట్టి మనిషేమో అనుకుంది. పక్కనున్నది పొడుగాటి అబ్బాయి, పెద్ద సైజు. అతనికీ అంతే దిగింది. మూడో మనిషికీ అంతే. ఇంకెవరి కంటికీ ఆనని అర అంగుళం. కానీ తొంభై జాకెట్లూ కాగితం చూసి తాను కత్తిరించినవే. తన చెయ్యి తప్పితే ఒకటి తప్పుతుంది, అన్నీ ఒకేలా ఎలా తప్పుతాయి?

కండక్టరు ప్యాంటు గుర్తొచ్చింది. అదీ కాగితం మీది కొలతే.

గ్లాసు బల్ల మీద పెట్టేసింది. టేపు సాగింది. ముప్ఫై ఏళ్ళు మెడలో వేలాడి, చేతుల్లో గుంజుకుని, ఒక్కో అంగుళమూ కాస్త కాస్త సాగింది. ఒంటినీ గుడ్డనీ రెంటినీ అదే కొలిచింది గనక తప్పు తప్పులోనే కలిసిపోయింది. ఎవడో వేరే టేపుతో కొలిచి కాగితం మీద రాసిస్తేనే బయటపడింది. ఇక ఆ కాలవ గట్టు. ఆయన అరవై అంగుళాలన్నది అరవై ఒకటికి పైమాటే. ఆయన కిలోమీటరు అసలు కిలోమీటరు కంటే పొడుగు. ఏడు నెలలు ఆమె అనుకున్నదాని కంటే ఎక్కువ దూరం పరుగెత్తింది. ఎనిమిది ఇరవై తొమ్మిది తొందర కాదు, అది తన మామూలు వేగమే. దాన్నే తాను ఏడు కిలోమీటర్లుగా పట్టి లాగుతోంది. చేతిలో ఉన్న నిమిషానికి పైగా దారిలో పారబోసింది.

"ఇంకో గ్లాసు కావాలా ఆంటీ?"

"జాకెట్టు చేతులు లోపలికి మడుచుకో అమ్మా, తడుస్తాయి," అని పరుగందుకుంది.

ఇక పగ్గం వదిలేసింది. పదిహేను, ఇరవై, ఇరవై అయిదు. కుడి మోకాలు ముప్ఫై దగ్గర మాట్లాడటం మొదలెట్టింది. ముప్ఫై అయిదు దగ్గర అరిచింది. బోర్డు బోర్డుకీ సెకన్లు కూడింది, తీసేసింది, మళ్ళీ కూడింది. ఒక లెక్కకి పది సెకన్లు మిగులుతున్నాయి, ఇంకో లెక్కకి పది తగ్గుతున్నాయి. ముప్ఫై తొమ్మిది దగ్గర ఒక పెద్దాయన నడుస్తూ, "ఎందుకమ్మా ఆ పరుగు, గేటు ఎటూ దొరకదు," అన్నాడు. ఆమె ఆయనను తిట్టడానికి కూడా ఊపిరి ఖర్చు చేయలేదు.

మలుపు తిరగ్గానే గేటు కనిపించింది. ఈసారి కర్రలు కావు, ఇనప చట్రం. నిలబడే ఉంది. దాని కాళ్ళ దగ్గర స్పానర్లు పట్టుకుని ఇద్దరు మనుషులు పైనున్న గడియారం చూస్తున్నారు. ఒకతను అప్పుడే వంగి బోల్టు మీద చెయ్యేశాడు. ఆమె వాళ్ళిద్దరి మధ్య నుంచి దాటింది. ఆరు గంటలకు ఇంకా పద్దెనిమిది సెకన్లున్నాయి.

భర్త అక్కడే ఉన్నాడు. షాపు నుంచి తిన్నగా వచ్చినట్టుంది, మెడలో టేపు అలాగే వేలాడుతోంది. స్పానరు మనిషితో చెబుతున్నాడు. "మా ఆవిడేనయ్యా. ఇది రెండోసారి పూర్తిచేయడం."

"మొదటిసారి," అంది ఆమె, మోకాళ్ళ మీద చేతులానించి.

"ఏమిటోయ్?"

"ఇదే మొదటిసారండీ. అప్పుడు నేనొచ్చేసరికి గేటు తీసేశారు. నన్నెవరూ రాసుకోలేదు. ఆ జాబితాలో నా పేరు లేదు."

స్పానరు మనిషి మర్యాదగా బోల్టు వైపు తిరిగాడు. ఆయన టేపు కొసను వేలికి చుట్టాడు, విప్పాడు.

"ముప్ఫై ఒక్కేళ్ళు, వచ్చిన ప్రతి పొట్టకీ చెప్పాను," అన్నాడు చివరికి.

"చెప్పారు."

"ఒక్కసారైనా ఆపొచ్చు కదే నన్ను."

"నోట్లో సూదులుండేవి."

"ముప్ఫై ఒక్కేళ్ళూనా?"

ఆమె చెయ్యి చాచి ఆయన మెడలోంచి టేపు లాగింది. "ఇది సాగిపోయిందండీ. అరవైకి అంగుళం పైన. మీరు కొలిచిన కిలోమీటరు కిలోమీటరు కాదు. అందుకే గట్టెక్కాను."

ఆయన టేపు తీసుకుని వెలుతురులో పట్టి చూశాడు. దాన్ని తప్పుపట్టడానికి మనసొప్పక మళ్ళీ మెడలో వేసుకున్నాడు. "కండక్టరు చీటీయే సరైనదన్నమాట," అని గొణిగాడు. "పోనీలే. మన షాపులో కొలిచిందీ కత్తిరించిందీ దీంతోనే. ఎవరికీ వదులవలేదు," అన్నాడు. ఏ సంగతి గురించి అన్నాడో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. ఆయన మాటలో మాత్రం ఇంకా కాస్త కినుక ఉంది. అది ఒక్క రోజులో పోయేది కాదని ఆమెకు తెలుసు.

"కూర్చో. అక్కడ కుర్చీ ఉంది."

"కూర్చోను. గోడ మీద జాబితా అంటిస్తారట. చూసేదాకా కాళ్ళు నిలవవు."

"ఎప్పుడంటిస్తారు?"

"ఏమో."

ఆమె గోడకీ గేటుకీ మధ్య తిరగడం మొదలెట్టింది, ఒక కాలు కుంటుతూ. నేల మీద వైరేమీ లేకపోయినా సగం దారిలో కాలెత్తి వేసింది. ఆయన ఆ కుర్చీలో తనే కూర్చుని రెండు చుట్లు చూశాడు. మూడో చుట్టుకి లేచి ఆమె పక్కన నడిచాడు. ఆ సగం దారి దగ్గరికి వచ్చేసరికి ఆయనా కాలెత్తాడు.