బరువును ఎవరు పట్టుకుంటారు

లోడు మీద గొలుసు బిగించేటప్పుడు ఒక చప్పుడు వస్తుంది. ముందు గలగల, తర్వాత కిర్రుమని ఒక సాగుడు, ఆఖరుకు ఇనుము ఇనుమును కరిచిన చిన్న టక్కు. పటాన్‌చెరులో మా కంపెనీ ఇనుప సలాకలు తయారు చేస్తుంది. బయటికి వెళ్లే లారీలకు గేటు దగ్గర చిట్టీ రాసిచ్చే పని నాది. ఆ టక్కు వినబడందే నేను చిట్టీ ఇవ్వనని ఇక్కడి డ్రైవర్లందరికీ తెలుసు. దానికి వాళ్లు నాకు ఏం పేరు పెట్టుకున్నారో నాకూ తెలుసు. ఈ ఉదయం కొత్తగా వచ్చిన ఒక డ్రైవరు నవ్వి, "ఇంత బరువు ఏడికి పోతది మేడం, గొలుసెందుకు" అన్నాడు. ఆ మాట మా నాయినది. దానికి జవాబు మా ఎస్తేరు టీచర్‌ది. ఆమె పోయి ఏడాది దాటింది.

సంగారెడ్డిలో మా ఆడపిల్లల బడిలో ఆమె భౌతికశాస్త్రం చెప్పేది. సన్నటి మనిషి, నూలు చీర, నవ్వితే ఏదో పోతుందన్నట్టు బిగించిన మూతి. ఆమె తరగతిలో 'బలం' అనే మాట ఊరికే వాడడానికి వీల్లేదు. ఎవరి బలమో చెప్పాలి. ఒకరోజు నన్నూ ఇంకొక అమ్మాయినీ లేపి బరువైన టేబులును తొయ్యమంది. ఎంత తోసినా అది కదల్లేదు. "బలం సాల్తలేదు టీచర్" అన్నాను. "మీరు తోస్తలేరా?" "తోస్తున్నం." "మరి మీరు తోస్తుంటే దాన్ని ఎవరు పట్టుకుంటుండ్రు?" మేము వంగి టేబులు కింద వెతికాం. తరగతంతా నవ్వింది. చాలాసేపటికి నేను "నేల" అన్నాను. ఆమె "ఊఁ" అంది. ఆమె నోట ఊఁ రావడమంటే మాకు బహుమతి వచ్చినట్టే. నేను ఆ రోజంతా నేలను చూసుకుంటూనే నడిచాను.

జడత్వం పాఠం రోజున, బస్సు బ్రేకు వేస్తే మనల్ని ముందుకు ఎవరు తోస్తారని అడిగింది. డ్రైవరన్నారు కొందరు, గాలి అన్నారు కొందరు. "ఎవరూ తొయ్యరు. మీరు పోతనే ఉన్నరు. బస్సు ఆగింది, మీరు ఆగలే. గంతే" అంది. నేను ఊరుకోలేదు. "తేలికున్నయే పోతయి టీచర్. బరువున్నయి కదలయి. మా నాయిన సలాకలకు తాడే కట్టడు" అన్నాను. టీచర్ సుద్దముక్క కింద పెట్టింది. "మీ నాయిన ఏం తోల్తడు?" అని మెల్లగా అడిగింది.

నాయిన డీసీఎం వ్యాను తోలేవాడు. పటాన్‌చెరులో సలాకలు ఎక్కించుకుని ఊళ్లలోని దుకాణాలకు చేర్చేవాడు. ఆయన అడ్డా మీద డ్రైవర్లందరిదీ ఒకటే మాట: తేలిక సామానుకు తాడు, బరువు సామానుకు దేవుడు. దూది మూటలైతే ఒళ్లంతా తాళ్లు చుట్టేవారు. ఇనుమైతే ఊరికే పేర్చి వదిలేసేవారు. ఆ సలాకల కొసలు సరిగ్గా నాయిన వీపు వెనక, క్యాబిన్ రేకుకు అవతల ఉండేవి. అవి రోజూ అక్కడే ఉన్నా మా ఇంట్లో ఎవరికీ భయం లేదు. ఎందుకుంటుంది, అవి బరువైనవి కదా.

ఆ ఆదివారం చర్చి అయ్యాక టీచర్ బైబిలు సంచీతోనే మా ఇంటికి వచ్చింది. అమ్మ చాయ్ పెట్టేలోపే రెండు స్టీలు డబ్బాలు అడిగింది. రెండూ ఒకే తీరువి. ఒకదాని నిండా బియ్యం పోసింది, రెండోది ఖాళీ. రెండిటినీ పక్కపక్కన పళ్లెంలో పెట్టి, పళ్లేన్ని నేల మీద జోరుగా జరిపి గడపకు కొట్టింది. నాయిన ఖాళీ డబ్బా మీదే కన్నేసి ఉంచాడు. రెండూ కలిసే జరిగాయి. ఖాళీది టింగుమని తగిలి ఆగింది. నిండుది తగిలిన చోట పళ్లెం అంచు వంగింది.

"ఇది ఇంట్ల ఆట, టీచరమ్మా. రోడ్డు వేరు" అన్నాడు నాయిన.

"రోడ్డు వేరే, అన్నా. గందుకే వచ్చిన. నీ సలాకలు ముందుకు రాకుంట ఎవరు పట్టుకుంటరు?"

"వాటి బరువే."

"బరువు కిందికి గుంజుతది. ముందుకు రాకుంట ఎవరు పట్టుకుంటరు? కింది చెక్క రాపిడి జెర పట్టుకుంటది. మెల్లగ ఆపితే సాల్తది. ఎవరన్న అడ్డమొచ్చి గట్టిగ బ్రేకు కొడితే సాలదు."

నాయిన తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఇన్నేండ్ల నుంచి తోలుతున్నానన్నాడు, గొలుసులు కట్టుకుంటూ కూర్చుంటే బండి సేటు ఊకోడన్నాడు. టీచర్ వాదించలేదు. చాయ్ తాగి, "రేపు ఎటు పోతున్నవ్?" అంది. కొండాపూర్ అన్నాడు. "మా అక్క గాడ్నే ఉంటది. రేపు బడికి సెలవే. నేనూ వస్త" అంది.

మర్నాడు పటాన్‌చెరు గోదాములో సలాకలు ఎక్కించారు. టీచర్ క్యాబిన్ ఎక్కి, వెనక రేకుకు వీపు ఆనించి కూర్చుంది. నేనూ ఆమె వెంట ఎక్కి పక్కన కూర్చున్నాను. నాయిన బండి తాళం తిప్పబోతున్నాడు. అప్పుడామె నా వైపు తిరిగి, మామూలు గొంతుతో, "నువ్వు దిగు" అంది.

"ఎందుకు టీచర్?"

"సామాను కట్టలే."

నాయిన చెయ్యి ఆగిపోయింది. టీచర్ ఆయన వైపు చూడనైనా లేదు, ఒళ్లో సంచీ పట్టుకుని రోడ్డు చూస్తోంది. ఆమె మాత్రం దిగలేదు. నేను దిగుతూ నాయిన మొహం చూశాను, ఆయన నన్ను చూశాడు. ఆ చూపు నాకిప్పటికీ గుర్తే. నేను ఆ సీటులో ఎన్నిసార్లు నిద్రపోయానో ఆయనకు అప్పుడే తట్టినట్టుంది. ఇంకేం మాట్లాడకుండా దిగి, గోదాములోకి పోయి గొలుసులు అడిగి తెచ్చాడు. ఆ టక్కు నేను మొదటిసారి విన్నది ఆ రోజే. బిగించడం అయ్యాక నన్ను మళ్లీ ఎక్కించుకుంది టీచర్.

ఆ తర్వాత సేటు ఎంత గొణిగినా నాయిన కట్టకుండా బండి తీయలేదు. కొన్ని నెలలకు ఒక సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు కూడా విడవకుండా అరుగు మీద కూలబడ్డాడు. కంది ఊరి దగ్గర ముందున్న లారీ ఉన్నట్టుండి ఆగిందట. నాయిన బ్రేకు మీద నిలబడ్డాడట. "గొలుసులు పట్టుకున్నయి. టీచరమ్మకు చెప్పు" అన్నాడు. మర్నాడు చెప్పాను. ఎప్పటిలాగే "ఎవరి బలం?" అని అడిగింది. గొలుసుల బలం అన్నాను. "కాదు, మీ నాయిన ఇనుకున్నడు సూడు, గదీ బలం" అంది. ఆమె తన నియమం తానే తప్పడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఆమె కళ్లు తడవడం చూసిందీ అప్పుడే.

పోయినేడు ఆమె శవపేటికను చర్చి నుంచి సమాధుల తోటకు వ్యానులో తీసుకెళ్లారు. నాయినకిప్పుడు మోకాళ్లు వంగవు. అయినా ఇద్దరి భుజాలు పట్టుకుని వ్యాను ఎక్కాడు. పేటిక ముందు చెక్క అడ్డం పెట్టి తాడు కట్టడం మొదలుపెట్టాడు. "పెద్దాయనా, దగ్గరే గద, మస్తు బరువుంది, ఏడికి పోతది" అన్నాడు డ్రైవరు.

"బరువు కిందికే గుంజుతది, బిడ్డా. ముందుకు పోకుంట మనమే పట్టుకోవాలె" అన్నాడు నాయిన. ముడి వేశాక ఒకసారి గట్టిగా గుంజి చూసుకున్నాడు. వంగని మోకాళ్లతోనే పేటిక పక్కన కూర్చుని, దాని మీద చెయ్యి వేసి, "ఇగ మెల్లగ పోనియ్" అన్నాడు.

ఈ ఉదయం ఆ కొత్త డ్రైవరు చిట్టీ కోసం చెయ్యి చాచాడు. "నీకు పిల్లలున్నరా?" అని అడిగాను. ఒక బిడ్డ ఉందన్నాడు. "ఆమెను నీ పక్కన కూసోబెట్టుకుంటవా, ఈ లోడుతోని?" అన్నాను. అతను వెనక్కి తిరిగి గొలుసు తీసుకున్నాడు. నేను చిట్టీ చేతిలో పట్టుకుని, టక్కు వినబడే దాకా అక్కడే నిలబడ్డాను.