ఒకే ఆది జాకెట్టు

మా తోడికోడలికీ నాకూ పదేళ్లపాటు కొలతకు ఒకటే ఆది జాకెట్టు. సిద్దిపేటలో మా టైలర్ దాంతోనే ఇద్దరికీ కుట్టేవాడు. అందుకే, బొడ్డు దగ్గర ఒక్క కోతతో బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకుంటానని ఆమె అన్నప్పుడు నాకు ఒళ్లు మండింది.

హైదరాబాదు డాక్టర్ల దగ్గరికి తోడు నేనే. ఆమె సంచిలోంచి నోటుబుక్కు తీసి, కళ్లద్దాలు సర్దుకుని, ప్రతి ఒక్కరినీ అదే మాట అడిగేది. "సార్, మీ చేతుల ఎవరికన్న కష్టమైందా? అప్పుడేం చేసిన్రు?"

కొందరు మొహం ముడుచుకున్నారు. ఒకాయన నవ్వి ఊరుకున్నాడు. ఆమె ఆ పేర్లన్నీ కొట్టేసింది. ఇక డాక్టరు దొరకడులే అని నేను లోపల సంబరపడ్డాను. చివరాయన మాత్రం, "ఇద్దరికి అయిందమ్మా. ఒక్క కోతతోని కాదనిపిస్తే ఇంకో రెండు పెడత, పంతానికి పోను" అన్నాడు. ఆమె పెన్నుకు మూత పెట్టేసింది.

ఆపరేషనయి ఏడాది తిరిగేసరికి టైలర్ ఆమెకు వేరే ఆది అడిగాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

మొన్న ఆ నోటుబుక్కు నా చేతిలో పెట్టింది. చివరాయన పేరు కింద నా బరువు, నా షుగరు రాసి ఉన్నాయి. పక్కనే ఆయన జవాబు: పరీక్షలు చూసి చెయ్యొచ్చు.

"నువ్వు బయట చెప్పులేసుకునేటప్పుడు అడిగిన అక్కా. నువ్వైతే అడగవు గద."

ఇన్నాళ్లూ ఆమె నడుము చూసి కుళ్లుకున్నాను. ఇప్పుడు మనసు చూసి కుళ్లుకుంటున్నాను. నడుముకైతే డాక్టరున్నాడు.