కామారెడ్డి షెడ్డులో తెరచాప పడవ సర్దిన రోజు

నేను ఏడో తరగతి వరకే చదివాను. అక్షర దోషాలుంటే మన్నించండి. నా వంకర రాతను నోటుబుక్కులోంచి చూసి మా ఆడపడుచు ఫోన్‌లో ఎక్కిస్తోంది.

మా ఆయన వడ్రంగి. దుబాయిలో పడవలు చేసే చోట ఆరేళ్లు పనిచేసి వచ్చాడు. ఓడల్లో పనిచేసి రిటైరైన ఒక సారు కామారెడ్డి దగ్గర, హైవే పక్క షెడ్డులో, నెలల తరబడి సముద్రంలో తిరిగే తెరచాప పడవ కట్టించుకున్నారు. లోపలి అరలన్నీ మా ఆయన చేసినవే. సామానంతా సరిగ్గా పడితే స్నేహితుల పడవల పనీ ఇప్పిస్తానన్నారు. లేకపోతే మళ్లీ దుబాయే. పడవను తీరానికి తీసుకుపోయే లారీ సాయంత్రం ఐదింటికి వస్తుందనగా, పొద్దున్నే షెడ్డు నుంచి మా ఆయన ఫోన్ చేశాడు: "సామాన్ సర్దనీకి ఇంకో చెయ్యి కావాలె, నువ్వు రా."

ఎల్లారెడ్డిలో ఎనిమిదింటికి బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బుల్లేవు. లింగంపేట, తాడ్వాయి మీదుగా గంటన్నరలో కామారెడ్డి. అక్కడి నుంచి ఆటోకు ఎనభై రూపాయలు. పడవ షెడ్డు అనగానే డ్రైవరు వెనక్కి తిరిగాడు.

"కామారెడ్డికి సముద్రం ఎప్పుడొచ్చిందమ్మా? మాకు చెప్పనే లేదు!"

నవ్వి, హైవే వైపు పోనిమ్మన్నాను.

మూడింటికల్లా లంగరు గొలుసు, తాళ్లు, నీళ్ల డబ్బాలు, లైఫ్ జాకెట్లు అరల్లోకి చేరాయి. మిగిలింది పడవ ముందు భాగంలో, మంచం కింది అర. అందులో మడిచిన రబ్బరు పడవ సంచి, బ్యాటరీ పెట్టె రెండూ పట్టాలి. ఆ అర ముందుకు పోయేకొద్దీ సన్నబడుతుంది. సంచి పెడితే పెట్టె పట్టదు, పెట్టె పెడితే సంచి పట్టదు. ఎత్తీ దించీ మా ఆయన చొక్కా తడిసిపోయింది.

"టేపు పెట్టే కొలిచిన సార్" అంటూ రంపం తీశాడు.

"పలక కోస్తే మంచం బలం పోతదయ్యా" అన్నారు సారు, గడియారం చూసుకుంటూ.

సారు ముందు మాట్లాడాలంటే నాకు జంకు. మా ఆయన చొక్కా లాగాను. "ఆగు. ఓ అట్ట ఇయ్యి."

"ఇప్పుడు అట్టెందుకే?"

"బీడీ ఆకు కోసినట్టు చూద్దాం."

నేను ఇంట్లో బీడీలు చుడతాను. ఆకు వంకరగా ఉంటే, దాని మీద పెట్టి కోసే కొలత రేకును నేరుగా పెట్టం. అటూ ఇటూ తిప్పితే ఇంకో ముక్క వస్తుంది. ఆ అర లోపలి అడుగు భాగం ఎలా ఉందో అలా ఒక అట్ట, సంచికొకటి, పెట్టెకొకటి కత్తిరించి నేల మీద పరిచాను. సంచిని ఏటవాలుగా తిప్పితే మూలన పెట్టెకు చోటు మిగిలింది. మా ఆయన రంపం పక్కన పెట్టి, సంచిని అలాగే దించి, పెట్టెను మూలలోకి జార్చి పట్టీలు బిగించాడు. మూత పడింది.

సారు దాని మీద కూర్చుని చూశారు. "ఈ అట్టలు దాచయ్యా. మా దోస్తు పడవ గూడ నువ్వే చేయాలె."

లారీ కదిలాక ఇద్దరం బస్టాండుకు వచ్చాం. దుబాయి ఏజెంటు ఫోన్ చేస్తే మా ఆయన "ఇప్పుడైతే రానన్నా" అని పెట్టేశాడు.

ఎవరైనా ఇలాంటి పనికి వెళ్తే బరువులు ఎత్తకముందే అట్టలు కత్తిరించుకుని తిప్పి చూడండి, నడుము మిగులుతుంది. ఇన్నాళ్లూ దుబాయికి ఆయన బ్యాగు సర్దిన ప్రతిసారీ ఏడ్చాను. సామాను సర్ది మనిషిని ఇంటికి తెచ్చుకోవడం ఇదే మొదటిసారి.