బ్రేక్ వ్యాన్‌తో కలిపి

ఈ ఉదయం గుణదల రైల్వే గేటు దగ్గర ఆగినవాళ్ళం: ఆటోలు ఐదు, స్కూలు బస్సు ఒకటి, అరటి గెలలు వేసుకున్న రిక్షా ఒకటి, నా స్కూటరు, దాని మీద నేను. గూడ్సు బండి వచ్చింది. అలవాటుగా వ్యాగన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఇరవై రెండు దగ్గర పక్క ఆటోలోంచి ఒకావిడ టైమెంతయిందని అడిగారు. చెప్పి తల తిప్పేసరికి లెక్క పోయింది. పోతే పోయిందనుకున్నాను. రెండేళ్ళ క్రితమైతే ఆ రోజంతా పాడయ్యేది.

అప్పుడు మా పెద్దమ్మ ఇంట్లో ఉంటూ గన్నవరం దగ్గర ఒక కంపెనీలో డ్రాయింగులు సరిచూసే ఉద్యోగం చేసేవాణ్ణి. సరిచూడటం ఆఫీసుతో ఆగక నా వెంట ఇంటికి కూడా వచ్చేసింది. పెద్దమ్మ ఏడింటికే చర్చిలో జరిగే పూజకి వెళ్ళిపోయేది కాబట్టి తాళం వేసే బాధ్యత నాది. గ్యాస్ కట్టేశానా, గీజరు ఆపానా, తాళం పడిందా? మూడూ చూసుకునే బయలుదేరేవాణ్ణి. రామవరప్పాడు రింగు దాటేసరికి నాబ్ తిప్పిన సంగతి వేళ్ళకి గుర్తుండేది కాదు. గుండె దడదడలాడేది. స్కూటరు వెనక్కి తిప్పేవాణ్ణి. నాబ్ ఎప్పుడూ కట్టేసే ఉండేది. అయినా నాలుగుసార్లు తాకి చూసేవాణ్ణి. ముప్పై ఐదు నిమిషాల దారికి ఒకరోజు గంటా యాభై రెండు నిమిషాలు పట్టింది. ఒకే నెలలో పదకొండు లేట్లు పడ్డాక, వచ్చే నెల కూడా ఇలాగే ఉంటే ఇంకో ఉద్యోగం చూసుకోమని మా మేనేజరు మర్యాదగానే చెప్పారు.

అప్పుడు వెళ్ళి కలిసిన డాక్టరు గారు మాత్రలు రాశారు. వెనక్కి వెళ్ళాలనిపించినా వెళ్ళకుండా ఉండటం కొద్దికొద్దిగా అలవాటు చేసుకోమన్నారు. తోడుగా యోగా చేస్తే మంచిదన్నారు. "మా క్లాసుకి రారా. అందరం అరవై దాటినవాళ్ళమే, నీ నడుం వంగకపోయినా ఎవరూ నవ్వరు," అంది పెద్దమ్మ.

క్లాసు ఎదురింటి డాబా మీద, తెల్లవారుజామున ఐదున్నరకి. మాస్టారు గూడ్సు బళ్ళ మీద ముప్పై ఏళ్ళు గార్డుగా పనిచేసి రిటైరైనాయన. డాబా మీంచి రైలు పట్టాలు కనిపించేవి. మాస్టారు ఓంకారం చెప్పించినప్పుడు పెద్దమ్మ పెదవులు మూసుకుని 'మ్' మాత్రం లాగేది. అది ఏ మతానిదీ కాదని ఆవిడ నిర్ణయం. నాకేమో అన్నీ సందేహాలే. నాలుగు అంకెలు గాలి పీల్చి ఆరు అంకెలు వదలడమెందుకు, ఐదూ ఐదూ అయితే ఏమవుతుంది, నాడి ఎంత తగ్గుతుంది? "ముందు వదలవయ్యా, తర్వాత అడుగుదువుగాని," అనేవారు మాస్టారు. ఇంటికొచ్చి నాడి కొలుచుకునేవాణ్ణి. నిజంగానే తగ్గేది.

ఈ పద్ధతిని తాళం దగ్గర ప్రయోగించాను. మళ్ళీ లోపలికి వెళ్ళాలనిపిస్తే, వెళ్ళకుండా ఐదు శ్వాసలు తీసుకుని బయలుదేరాలి. కానీ మూడోది తీసుకుంటుంటే అది మూడోదో నాలుగోదో అనుమానం వచ్చేది. మళ్ళీ ఒకటి నుంచి. ఒకరోజు పూజ నుంచి తిరిగొచ్చిన పెద్దమ్మ నన్ను మెట్ల మీద చూసింది.

"ఇంకా బయల్దేరలేదేంట్రా?"

"ఐదు శ్వాసలు అవలేదు పెద్దమ్మా."

"ఇప్పటికెన్నయ్యాయి?"

"నలభై దాకా."

ఆవిడకి నవ్వొచ్చింది, మధ్యలోనే ఆగిపోయింది. మర్నాడు క్లాసుకి ముందే మాస్టారికి చెప్పేసింది. ఆయన ఎప్పటిలాగే క్లాసు నడిపారు. చివర్లో శవాసనం వేయించారు. పన్నెండు మందిమి కళ్ళు మూసుకుని వెల్లకిలా పడుకున్నాం. కింద గూడ్సు వెళ్తోంది. పట్టాల చప్పుడు బట్టి లెక్కపెడుతున్నాను. బండి పోయాక నిశ్శబ్దంలో మాస్టారి గొంతు.

"ఏమయ్యా ఇంజనీరూ, ఎన్నొచ్చాయి?"

దొరికిపోయాను. "యాభై ఎనిమిదండీ."

"తప్పు. యాభై తొమ్మిది. చివరి బ్రేక్ వ్యాన్ వదిలేశావ్."

"అది వ్యాగన్ కాదు కదండీ?"

"ముప్పై ఏళ్ళు నేను కూర్చుంది అందులోనేనయ్యా!"

"శవాలు మాట్లాడకూడదు మాస్టారూ," అంది పెద్దమ్మ, కళ్ళు తెరవకుండానే. డాబా మొత్తం నవ్వింది. నేను మాత్రం లేచి కూర్చున్నాను. వ్యాన్‌ని కలుపుకున్నానా లేదా అని ఇప్పుడు కొత్త అనుమానం. "నిజంగా యాభై తొమ్మిదేనంటారా?"

"ఆ బండి ఈపాటికి గన్నవరం దారిలో ఉంటుంది. వెనక్కి పిలిపించమంటావా?" అన్నారాయన. ఈసారి ఆయన నవ్వలేదు. "నేనూ లెక్కెట్టేవాణ్ణి. బండి పొడుగునా ఒకసారి నడిచి, చూసుకుని, పచ్చజెండా ఊపేవాణ్ణి. ఊపాక ఇంక దిగలేదు. అనుమానం రాలేదనుకున్నావా? వచ్చేది. దాన్నీ ఎక్కించుకునే వెళ్ళేవాణ్ణి."

ఆ రోజు రామవరప్పాడు దగ్గర అనుమానం వేళకే వచ్చింది. స్కూటరు పక్కకి ఆపి గాలి పీల్చి వదిలాను. నాలుగుసార్లో, ఆరుసార్లో. మళ్ళీ మొదలుపెట్టలేదు. గుండె దడతోనే గన్నవరం వైపు నడిపాను. కేసరపల్లి దాటాక చూసుకుంటే దడ లేదు. ఎక్కడ తగ్గిందో సరిగ్గా గుర్తించి రాసుకుందామనుకున్నాను, కుదరలేదు. ఆ చోటు ఎక్కడన్నది నాకు ఇప్పటికీ కుతూహలమే. ఆ నెలలో లేట్లు మూడు. ఉద్యోగం నిలిచింది. మాత్రలు ఇంకో ఏడాది వాడాక డాక్టరు గారే మెల్లగా తగ్గించి ఆపేశారు. డాబా మీదికి ఇప్పటికీ వెళ్తున్నాను.

ఈ ఉదయం బండి చివర బ్రేక్ వ్యాన్ వెళ్ళింది, గేటు లేచింది. వెళ్ళిన వ్యాగన్లెన్నో నాకు తెలియదు. ఇంటి నుంచి ఆఫీసుకి పట్టిన సమయం, గేటు దగ్గర ఆగిన తొమ్మిది నిమిషాలతో కలిపి, నలభై నాలుగు నిమిషాలు.