బావ నవ్వు ఉన్న కార్డు

ఉదయం ఏడున్నరకు సూర్యాపేట బస్టాండులో కోదాడ బస్సెక్కాను. చొక్కా జేబులో పాత ఫిల్ము డబ్బా, అందులో తపాలా బిళ్ళకన్నా చిన్న మెమరీ కార్డు. అందులో మా బావ నవ్వు ఉంది. ఉండాలి.

ఆదివారం మిర్యాలగూడలో బావ సంవత్సరీకం. పటం కోసం ఆధార్ కార్డు ఫోటోనే పెద్దది చేయిస్తే, అక్క గోడకు తగిలించనివ్వలేదు.

"గా మొఖం మీ బావది కాదు తమ్మీ. దొంగను పట్టుకొచ్చినట్టుంది" అంది ఫోనులో.

బావకు ముందు పన్ను ఒకటి లేదు. కెమెరా కనిపిస్తే నోరు బిగించేవాడు. ఒక్కసారి, సాగర్ డ్యామ్ దగ్గర, నేను "రీలు అయిపోయింది బావా" అన్నాను. చేతిలో ఉన్నది డిజిటల్ కెమెరా అయినా, రీలు కాలపు మనిషి కదా, నమ్మి హాయిగా నవ్వేశాడు. కార్డు నిజంగానే నిండింది, కానీ అప్పటికే ఒక ఫోటో చెరిపేసి చోటు చేసి ఉంచాను. ఆ నవ్వు అందులోకి వచ్చింది. తరువాత కెమెరా పాడైంది. కార్డు మాత్రం దాచుకున్నాను.

సూర్యాపేట దుకాణంలో నిన్ననే చూపించాను. "గిది ఎస్డీ కాదు, మైక్రో కాదు సార్. మా కాడ ఏ స్లాటుల పట్టది. కోదాడల పాత స్టూడియో ఉంది, గాడ అడుగుండ్రి" అన్నాడు యజమాని.

బస్సులో పక్కన కూర్చున్న తిరుమలగిరి పత్తి రైతు కార్డును తిప్పి చూశాడు. "గింత దాంట్ల మనిషి పడతడా సార్?"

"నవ్వు పడితే చాలు" అన్నాను.

తొమ్మిదింటికి కోదాడ. వేడి ఇడ్లీ తిని స్టూడియోకి వెళ్ళాను. నడిపే ఆవిడ సొరుగు తెరిచి, కార్డులన్నీ బల్లమీద పరిచింది.

"ఈ మందంగా ఉన్నది కాంపాక్ట్‌ఫ్లాష్ అండీ, పెద్ద కెమెరాలది. పొడుగుది మెమరీ స్టిక్. ఇది ఎస్డీ, పక్కనున్న బుల్లి మీట జరిపితే ఫోటోలు చెరగవు. మీది ఎక్స్‌డీ. ఇప్పుడు తయారే కావట్లేదు."

ఇన్ని రకాలా! ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని చూశాను. ఇంతలో ఆవిడ నా కార్డును పాత రీడర్లో పెట్టింది. కంప్యూటర్ పలకలేదు. కార్డు వెనకున్న బంగారు రంగు గీతలను మెత్తని గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టింది. ఫోటోలు వరుసగా వచ్చాయి. డ్యామ్, గేట్లు, పడవ, నోరు బిగించిన బావ, మళ్ళీ నోరు బిగించిన బావ. చివరి ఫోటో రాగానే నేను స్టూలు మీద నుంచి లేచి నిలబడ్డాను.

"ఆ పన్ను సందు పూడ్చమంటారా మాస్టారూ? నిమిషం పని."

"వద్దమ్మా! దాని కోసమే వచ్చాను."

పెద్ద ప్రింటు చంకన పెట్టుకుని, హుజూర్‌నగర్ మీదుగా మధ్యాహ్నానికి మిర్యాలగూడ చేరాను. రైస్ మిల్లుల ఊక వాసన దాటి అక్క ఇంటికి నడిచాను. అక్క ప్రింటును రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూసింది.

"గిదో, గిది మా ఇంటాయన! ఎట్ల నవ్విచ్చినవ్ తమ్మీ?"

రీలు సంగతి చెప్పాను. పైట అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆధార్ ఫోటో బీరువా వెనక్కి పోయింది.

బయలుదేరుతుంటే అక్క ఫోను ఎత్తింది. "జర నిలబడు, ఫోటో తీస్త." గుండీలు సరిచేసుకుని బిగుసుకున్నాను. "అయ్యో, ఫోన్ నిండిందట. ఇగ పో, బస్సు పోతది" అంది. నాకు నవ్వొచ్చింది.

అటక మీద పాత కార్డులున్నవారు పారేయకండి. జేబులో వేసుకుని కోదాడ బస్సెక్కండి. ఇలా అనుకుంటూ సాయంత్రం సూర్యాపేట బస్సులో కూర్చున్నాను. నేరేడుచర్ల దాటాక ఫోను మోగింది. అక్క పంపిన ఫోటో.

నోరంతా తెరిచి నవ్వుతున్నాను.