మా నాయన ఒప్పుకున్న నేరం

పోయిన వారం అనంతపురం టవర్‌క్లాక్ దగ్గర హెల్మెట్ లేకుండా స్కూటరు మీద పోయామని నా ఫోనుకు ఫొటోతో సహా చలానా వచ్చింది. నేను పెట్టుకునే ఉన్నాను, వెనక కూర్చున్న మా ఆవిడకే లేదు. వెనకవాళ్ళకు కూడా ఉండాలని నాకు తెలియదనో, ఆమె మెడనొప్పి సంగతో కోర్టుకు పోయి చెప్పుకోవచ్చునేమో అనుకుంటూ ఉండగానే మా కోడలు, కోర్టు చుట్టూ ఎవరు తిరుగుతారు మామా అంటూ, ఫోనులోనే జరిమానా కట్టేసింది. ఆమెను తప్పు పట్టను. ఆ మాట మాత్రం నన్ను నలభై ఏళ్ళు వెనక్కు తీసుకుపోయింది, ఎందుకంటే ఇంచుమించు అదే మాట నేను ఒకప్పుడు మా నాయనతో అన్నాను.

అప్పుడు నేను గుంతకల్లులో ఒక సర్కారీ ఆఫీసులో కొత్తగా గుమాస్తాగా చేరి, అద్దె గదిలో ఉండేవాణ్ణి. మా ఊరు పామిడి పక్కన. మా నాయనకు మెట్టచేను తప్ప వేరే ఆధారం లేదు, ఆ ఏడు విత్తిన శనక్కాయ మొలవనైనా లేదు. నన్ను చూడాలనిపించినప్పుడల్లా పాసింజరు ఎక్కి వచ్చేవాడు. మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ కరువు రోజుల్లో చిన్న చిన్న స్టేషన్లలో ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో రైలెక్కి, నీళ్ళున్న స్టేషనులో దిగి నింపుకుని, మళ్ళీ వచ్చే బండికి ఇంటికి చేరేవాళ్ళు. అలా ఒకసారి ఒక తల్లి నాలుగేళ్ళ కూతుర్ని ముందుగా మా నాయన ఉన్న రైలుపెట్టెలోకి ఎక్కించి, బిందె కోసం వంగేలోపల బండి కదిలిపోయింది. పిల్ల తలుపు దగ్గర నిలబడి చేతులు చాచి ఏడుస్తూంటే, మా నాయన ఒక చేత్తో దాన్ని వెనక్కు లాగి, రెండో చేత్తో గొలుసు లాగాడు. బండి ఆగింది, తల్లి పరుగెత్తుకొచ్చి ఎక్కింది. గార్డు వచ్చి ఎవరు లాగారని అడిగితే పెట్టెలో ఎవరూ మాట్లాడలేదు. మా నాయనే లేచి తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు చెప్పి రాయించాడు.

తగిన కారణం లేకుండా గొలుసు లాగడం నేరం. ఆ కారణం ఉందో లేదో తేల్చవలసింది కోర్టు. సమను వచ్చినప్పుడు మా నాయన ఏమీ బెదరలేదు. జరిగింది జరిగినట్టు చెప్తే సాలు, దానికి వకీలెందుకప్పా అని, ఉతికిన పంచె కట్టుకుని ఒక్కడే గుంతకల్లు కోర్టుకు పోయాడు. గొలుసు లాగినాను సామీ, తప్పు మాత్రం చేయలేదు అని చెప్పాడట. ఆ మేజిస్ట్రేటు మంచివాడు. నవ్వకుండా, కసరకుండా ఆ మాట రాసుకుని, సాక్షి ఉంటే తెచ్చుకోమని వాయిదా వేశాడు. గార్డు డ్యూటీ మీద పోయి ఉండడంతో రెండు మూడు వాయిదాలు ఊరికే గడిచాయి. ఈలోపల మా నాయన ఆ చిన్న స్టేషనులో దిగి, చుట్టుపక్కల పల్లెలన్నీ కాలినడకన తిరిగి, ఆ తల్లిని కనుక్కున్నాడు. ఆమె కూలికి పోయే మనిషి. నా బిడ్డ కోసరం కదన్నా, వచ్చి చెప్తా అని మాట ఇచ్చింది.

భయమంతా నాదే. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, దానికి ముందు నా నడత మీద పోలీసు విచారణ జరగవలసి ఉంది. ఇంట్లో కేసు నడుస్తూ ఉంటే విచారణలో రాసేస్తారని టీ అంగడి దగ్గర ఎవరో అన్న మాట నేను నమ్మాను. ఆమె రావలసిన వాయిదా నాటి పొద్దున నా గదిలో ఆయన సంగటి తింటూంటే నేను గోడవైపు చూస్తూ అన్నాను:

"ఎన్ని దినాలు తిరుగుతావు నాయనా? ఒప్పుకుని జరిమానా కట్టేస్తే ఈరోజుతో అయిపోతాది."

ఆయన చేయి ఆగింది. "చేయని తప్పు యాడ ఒప్పుకునేది?"

అప్పుడు నా ఉద్యోగం సంగతి చెప్పాను. ఆయన తినడం ముగించకుండానే లేచాడు. చేయి కడుక్కుని వచ్చి, "నేను ఒప్పుకుంటే నీకు మేలయితాదా?" అని అడిగాడు. అవుతుందన్నాను.

కోర్టులో మా నాయన తప్పు ఒప్పుకుంటాననగానే మేజిస్ట్రేటు కాగితం పక్కన పెట్టి, ఎవరైనా నిన్ను ఇలా చెప్పమన్నారా అని రెండుసార్లు అడిగాడు. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. మా నాయన నావైపు తిరగలేదు. "ఎవురూ చెప్పలేదు సామీ. తప్పే" అన్నాడు. కొద్దిపాటి జరిమానా, కోర్టు లేచేదాకా అక్కడే కూర్చోవడం శిక్ష. ఎవరి పొలంలోనూ ఒక కంకి తుంచి ఎరగని మనిషి, జేబుదొంగల పక్కన బల్లమీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

మధ్యాహ్నం దాటాక ఆ తల్లి వచ్చింది. బండి ఆలస్యమయిందట. చంకలో పిల్ల, ఇద్దరి ముఖాలూ ఎండకు వాడిపోయి ఉన్నాయి. వరండాలోనుంచే కిటికీలో తొంగిచూసి, "నన్ను ఎప్పుడు పిలుస్తారన్నా?" అని అడిగింది.

"అయిపోయిందమ్మా."

"ఏమన్నారు?"

మా నాయన అప్పుడు నన్ను చూశాడు. ఆ చూపులో కోపం లేదు, ఉంటే ఇన్నేళ్ళు మోసేవాణ్ణి కాదు. ఆమెవైపు తిరిగి, "ఏం తప్పు లేదని ఇడిసిపెట్టినారు" అన్నాడు. ఆయన నోట అబద్ధం వినడం నాకు అదే మొదలు, అదే కడ. ఆమె కళ్ళు తుడుచుకుని, పిల్ల చేత కిటికీలోనుంచే దండం పెట్టించి, ఒక పూట కూలి పోగొట్టుకున్న సంగతి మాటమాత్రమైనా అనకుండా స్టేషను దారి పట్టింది.

నా ఉద్యోగం తర్వాత పర్మనెంటయింది. విచారణకు వచ్చిన పోలీసు నా చదువు, నడత గురించి నాలుగు ముక్కలు రాసుకుని పోయాడు. మా నాయన సంగతి అడగనే లేదు. ఆ మాట ఆయనకు చెప్పే ధైర్యం నాకు చివరిదాకా రాలేదు. ఆయనా అడగలేదు. నన్ను చూడడానికి వస్తూనే ఉన్నాడు గాని, రెండు బస్సులు మారి వచ్చేవాడు. చనిపోయేదాకా మళ్ళీ రైలెక్కలేదు.

ఇప్పుడు ఆ చిన్న స్టేషనులో ఏ బండీ ఆగదు. ఆ పల్లెలకు కుళాయిలొచ్చాయి, బిందెలతో రైలెక్కే అవసరం పోయింది, అది మంచిదే. పోయినది వేరే ఒకటుంది. చేసిన పనిని చేశానని, చేయని తప్పును చేయలేదని నిలబడి చెప్పడానికి మన తండ్రులు జంకలేదు. మనం చదువుకుని, కొలువుల్లో చేరి, ఆ జంకును ఇంటికి తెచ్చాం. కోర్టు కాగితాల్లో మా నాయన నేరం ఒప్పుకున్నవాడే. ఆ కాగితాలను నేను దిద్దలేను. ఆ పిల్లకు ఇప్పుడు నడివయసు వచ్చి ఉంటుంది. తల్లి ఎప్పుడైనా చెప్పి ఉంటే, ఆయనది ఏం తప్పూ లేదని కోర్టు వదిలిపెట్టిందనే చెప్పి ఉంటుంది. ఎవరూ ఆమెకు వేరే మాట చెప్పకుండా ఉంటే చాలు.